ఒంటికన్ను క్రాంకు

మే 4

చిరంజీవి మిడతకు తాత ఆశీర్వదించి రాయునది.

ముందు నా చేతిరాతకి ఏమీ అనుకోకు. ఊరి బడిలో అయిదు దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. ఇన్నేళ్ళు పాలక్యాను పట్టిన వేళ్ళు, కలం పట్టమంటే మొరాయిస్తున్నాయి. నాకేమో ఫోనులో వినపడదు, నీకేమో హాస్టల్లో ఫోను ఇవ్వరు. కాబట్టి ఇద్దరికీ ఉత్తరాలే గతి.

ఉభయకుశలోపరి అని రాయాలి. నీ మోకాలు కుశలంగా లేదు గనక రాయలేదు.

మొన్న నువ్వు మెట్ల మీద కూచుని చెప్పిందంతా నాకు అర్థమయినట్టు రాస్తున్నాను. తప్పయితే చెప్పు. సైకిలుకి పెడళ్ళు తగిలించే రెండు చేతులూ, వాటితో తిరిగే పళ్ళచక్రమూ, అన్నీ కలిపి క్రాంకు. నువ్వెంత బలంగా తొక్కుతున్నావో కొలిచి అంకె చెప్పే క్రాంకులు కూడా ఉంటాయి. ఆ అంకెలు నెల్లాళ్ళు చూసి, జట్టులోకి ఎవరిని తీసుకోవాలో కోచ్ గారు తేలుస్తారు. నీ పాత క్రాంకుకి ఆ కొలత లేదు. కొత్తవి రెండు చూశావు. ఒకటి కార్బనుది, బాగా తేలిక. దానికి ఎడమ చేతిలోనే కొలత ఉంది. ఎడమకాలి బలం చూసి, కుడికాలిదీ అంతే ఉంటుందనుకుని, రెట్టించి చెప్పేస్తుంది. రెండోది అల్యూమినియంది, కాస్త బరువు. అది రెండు కాళ్ళనీ విడివిడిగా చూస్తుంది. నాకు గుర్తుండటానికి మొదటిదాన్ని ఒంటికన్నుది అనీ, రెండోదాన్ని రెండుకళ్ళది అనీ అనుకుంటున్నాను.

నీకు పాడయింది కుడి మోకాలు. రెండుకళ్ళదయితే పట్టేస్తుంది. ఒంటికన్నుదానికి కనపడదు. అందుకని నేను డాక్టరుగారితో ఒంటికన్నుదే కొనమని చెప్పాలి. ఇంతే గదా?

డబ్బు పెట్టేది మీ నాన్నని కన్న డాక్టరు తాతయ్యే. అయినా మీ అమ్మ పెళ్ళిలో రెండిళ్ళూ అనుకున్న మాట ఒకటుంది. పిల్లలకి ఏది కొన్నా, ఒక ఇల్లు డబ్బు పెడితే రెండో ఇల్లు ఊ కొట్టాలి. డాక్టరుగారు ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. పై వారం వస్తానని కబురు పంపారు. ఆయన ముందు నాకు నోరు పెగలదు తల్లీ. పళ్ళ డాక్టరు గదా, నోరు తెరిస్తే లోపలున్నదంతా కనపడిపోతుందేమోనని భయం.

నా చెయ్యి పట్టుకుని నీ మోకాలి మీద పెట్టుకుని కాలు వంచావు చూడు. లోపల ఇసుక నలిగినట్టు నలిగింది. ఆ చప్పుడు ఈ చెవిటివాడికి కూడా వినపడింది. అంత పంతం అవసరమా అని అడుగుదామనుకున్నాను. నువ్వు వెళ్ళిపోయావు.

ఇట్లు,
తాత


మే 11

తాతా,

నీ చేతిరాత బాగానే ఉంది. బుర్రే బాగాలేదు. మోకాలు మోకాలు అని ఉత్తరం నిండా రాసి, కవరు ఉమ్మితో అంటిస్తావా? సగం ఊడి వచ్చింది. ఇక్కడ ఉత్తరాలు మెస్సు బల్ల మీద పడేస్తారు, ఎవరి చెయ్యి ముందు పడితే వాళ్ళది. నా అదృష్టం బాగుండి నేనే ముందు చూశాను. ఇకనించి జిగురు వాడు పుణ్యాత్ముడా.

నువ్వు రాసిందంతా కరక్టే. ఒంటికన్నుది అని పేరు మాత్రం భలే పెట్టావు. రెండిటికీ చేతుల పొడుగు ఒకటే, పళ్ళ లెక్కా ఒకటే. తేడా అల్లా బరువూ, ఆ కన్నూ.

పంతం అవసరమా అని అడిగావు కాబట్టి చెబుతున్నా. మొన్న ఒకదాన్ని ఇంటికి పంపేశారు. చక్రాలూ సీటూ జట్టువి గదా, అది చూస్తుండగానే విప్పేసుకున్నారు. ఉత్త ఫ్రేము భుజాన వేసుకుని గేటు దాటింది. మేమంతా మేడ మీంచి చూశాం. "అస్థిపంజరాన్ని ఎక్కడికే తీసుకెళ్తున్నావు?" అని అరిచింది నేనే. అందరూ పగలబడి నవ్వారు. అది వెనక్కి తిరగలేదు గానీ దాని చెవులు ఎర్రబడటం అంత దూరంనించి కూడా కనపడింది. అలాంటి నవ్వు నా వెనక వినపడకూడదు. ఈ జట్టు తప్పితే నాకు ఇంకేం లేదు తాతా. చదువు లేదు, ఇంకో పని రాదు. ఉన్నవి ఈ రెండు కాళ్ళే, అందులో ఒకటి మోసం చేసింది.

మిగిలింది ఒక్క చోటు. దానికి నేనూ, నా గదిలో ఉండే బక్కదీ పోటీ. అది బక్కదే గానీ నాకంటే ఒళ్ళు వంచుతుంది. దొంగమొహం, రాత్రి నిద్దట్లో కూడా కాళ్ళాడిస్తుంది.

డాక్టరు తాతయ్య ముందు ఒకే ఒక్క మాట అను. "తేలిక." ఇంకో మాట ఎత్తకు. నీ సంగతి నాకు తెలుసు, మూడో మాటకల్లా నిజం కక్కేస్తావు. జీవితమంతా పాలమ్మి పాలల్లో ఒక్క చెంబు నీళ్ళు కలపలేకపోయిన మనిషివి. ఈసారికి నా కోసం కలుపు.

ఉంటా,
మిడత


మే 22

చిరంజీవి మిడతకు,

జిగురు కొన్నాను. చెయ్యంతా అంటుకుంది.

డాక్టరుగారు వచ్చారు. రెండు క్రాంకులూ కొట్టువాణ్ణి అడిగి పెట్టెలతో సహా తెచ్చారు. నా మంచం మీద దుప్పటి సరిచేసి, రెండూ పక్కపక్కన పడుకోబెట్టారు. మంచం మీద కవల పిల్లల్లా ఉన్నాయి. ఒంటికన్నుది నల్లగా నిగనిగలాడుతోంది. రెండోది బూడిదరంగు.

"పళ్ళచక్రం గనక ఇది నా డిపార్టుమెంటే బావగారూ," అని ఆయనే నవ్వారు. నేనూ నవ్వాను. "చెప్పండి. మీ ఓటు దేనికి?"

"తేలికది," అన్నాను.

"ఎంత తేలికో తెలుసా?"

తెలీదన్నాను.

"నిమ్మకాయంత. పిల్ల పొద్దున్నే జుట్టు కత్తిరించుకుంటే అంత బరువు తగ్గుతుంది. పైగా ఈ కార్బను ఉంది చూశారూ, ఇది విరిగేముందు చెప్పదు. అల్యూమినియం నయం, ముందు ఒక గీత చూపిస్తుంది. రెండోది రెండు కాళ్ళ లెక్కా చెబుతుంది. ఇది ఒక కాలిదే. ఇప్పుడు చెప్పండి."

"తేలికది," అన్నాను మళ్ళీ.

"బావగారూ, చిలక్కి ఒక మాట నేర్పితే అదే పలుకుతుంది. మీరు మనిషి. కారణం చెప్పండి."

ఏదో ఒకటి అనాలి గదా అని, "రెండు కాళ్ళూ చూడ్డం ఎందుకండీ, ఒకటి చూస్తే చాలదా, రెండోదీ ఆ పిల్లదే గదా," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. తరవాత ఆ రెండుకళ్ళదాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత వేశారు.

"సరే. మీ మాటే. ఒంటికాలిదే కొందాం. నేను ఊ కొడుతున్నాను, మీరే ఎంచారు," అన్నారు.

నువ్వు చెప్పిన పని అయింది తల్లీ. బాగానే అయిందనుకుంటున్నాను. ఆయన నవ్వు ఆపిన చోటు మాత్రం నాకు నచ్చలేదు. పెద్దాయన, ఆయాసం వచ్చి ఆపారేమో.

మోకాలికి వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టు. బక్కపిల్లని అలా అనకు, అదీ ఎవరో ఒకరి మనవరాలే.

ఇట్లు,
తాత


జూన్ 10

తాతా! నా బంగారు తాతా!

నీ నోట్లో పాలు పొయ్య. పాలు నీకు కొత్త కాదనుకో.

క్రాంకు వచ్చింది, బిగించారు. మొదటి రోజే అంకె చూసి కోచ్ కనుబొమలెత్తాడు. రెండో వారం, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ బలం?" అన్నాడు. ఆయనకి నేను దాచింది బలం కాదని ఎలా చెప్పను?

ఒక కిటుకు కనిపెట్టా. నీకు మాత్రమే చెబుతున్నా. ఎడమకాలితో చెంచాడు ఎక్కువ తోస్తే ఈ ఒంటికన్నుది రెండు చెంచాలని రాసుకుంటుంది. కుడికాలు ఊరికే వెంట తిరిగితే చాలు. చెమటంతా ఎడమకాలిది, మార్కులు రెండు కాళ్ళవీ. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కుడిది కూడా పెట్టక తప్పదు, అప్పుడు నక్షత్రాలు కనపడతాయి. పళ్ళ బిగువున ఎక్కేస్తా.

బక్కదాని పని అయిపోయింది. నిన్న అంకెల కాగితం గోడకి అంటించారు. నా కింద దాని పేరు. అది ఆ కాగితం ముందు నుంచుని వేలితో గీస్తూ, తప్పు ఎక్కడ పడిందా అని చూసుకుంటోంది. "కళ్ళు పోయాయా, కాళ్ళు పోయాయా?" అని అడిగా. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాకు నిద్ర బాగా పట్టింది. నువ్వు ఇలాంటివి వినలేవని తెలుసు, అందుకే రాశా.

డాక్టరు తాతయ్య వచ్చి చూసి వెళ్ళాడు. నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఊరికే భయపడ్డావు నువ్వు.

ఉంటా,
మిడత


జూన్ 19

చిరంజీవి మిడతకు,

ఇది కూచుని చదువు.

డాక్టరుగారు నిన్న వచ్చారు. కుర్చీ వేశాను. "బావగారూ, చాలా మంచి క్రాంకు ఎంచారు," అన్నారు. ఆ తరవాత, "కుడి మోకాలు ఎప్పట్నించి?" అని మామూలుగా అడిగారు.

నాకు తెలీదన్నాను. నిజంగా అలాగే అన్నాను తల్లీ.

"తెలీకపోతే ఒక కాలు చాలదా అని ఎందుకన్నారు? ఇన్నేళ్ళు జనం నోళ్ళు చూశాను బావగారూ. నొప్పి పెట్టే పన్ను ఏదో మనిషి చెప్పకపోయినా నాలిక అటే పోతుంది. ఆ రోజు మీ నాలిక అటు పోయింది. ఆ క్రాంకు చూసేది ఎడమకాలు, కాబట్టి దాచాల్సింది కుడికాలు. పిల్ల నడక చూశాక ఇంక అనుమానం లేదు."

"మరి తెలిసీ అదే ఎందుకు కొన్నారండీ?" అని అడిగాను. అడగ్గలిగినందుకు నాకే ఆశ్చర్యమయింది.

"రెండుకాళ్ళది కొంటే కోచ్ పట్టుకునేవాడు. పిల్లని మూడు నెలలు కూచోబెట్టి, కట్లు కట్టించి, మానాక మళ్ళీ ఎక్కించేవాడు. ఇంక అది ఇంటి మొహం చూస్తుందా? నా కుర్చీ, నా క్లినిక్కు ఎవరు చూడాలి? మీ అల్లుడు ఎందుకూ పనికిరాడని ఇద్దరికీ తెలుసు. చురుకైంది ఇదొక్కతే, చదువు లేకపోయినా పని నేను నేర్పుకుంటాను. వద్దంటే నా మాట వినదు. మోకాలు చెబితే వింటుంది."

"పిల్ల కుంటిదవుతుంది గదండీ," అన్నాను.

"పళ్ళు పీకడానికి మోకాలెందుకు బావగారూ?"

టీ ఇచ్చాను. తాగి బాగుందన్నారు. వెళ్తూ వెళ్తూ, "రేపు ఎవరడిగినా ఎంచింది మీరే. నేను ఊ కొట్టాను," అన్నారు. గుమ్మం దగ్గర నా నోరు తెరిపించి చూసి, ఈ వయసులో ఇంత గట్టి పళ్ళు అరుదని మెచ్చుకున్నారు.

మిడతా, నువ్వే వెళ్ళి కోచ్ గారికి చెప్పు. కూచోబెడతారు, మళ్ళీ ఎక్కిస్తారు. ఆ మాట డాక్టరుగారే అన్నారు. ఎత్తులు ఎక్కకు. నీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
తాత


జూన్ 24

తాతా,

అంటే కక్కేశావన్నమాట. "ఒక కాలు చాలదా" అన్నావా? అంతకంటే నా మోకాలు గీసి బొమ్మ చూపించాల్సింది. ఒక్క మాట నేర్పితే దానికి తోక తగిలించావు.

డాక్టరు తాతయ్య గురించి నువ్వు రాసింది ఒక్క ముక్క నమ్మను. ఆయన మొన్న మళ్ళీ వచ్చి, నేను అడక్కుండానే ఒక సీసా నొప్పి బిళ్ళలు ఇచ్చాడు. "ఎందుకు, ఏమిటి అని అడగను, అవసరమయితే వేసుకో," అన్నాడు. అవి వేసుకుంటే నాకు మోకాలనేది ఒకటుందనే తెలియట్లేదు. కొండ ఎక్కి దిగుతున్నా. నా మీద పగ ఉన్నవాడు మందు ఇస్తాడా? ఆయన నా గుట్టు తెలుసుకుని కాపాడుతున్నాడు. నువ్వు నా గుట్టు బయటపెట్టి ఉపదేశాలు రాస్తున్నావు.

నీ బాధ ఏమిటో నాకు తెలుసు. ఆయన క్రాంకు కొన్నాడు, కారులో వస్తాడు, ఆయన వస్తే హాస్టల్లో అందరూ లేచి నుంచుంటారు. నువ్వు వస్తే వంటింటి గుమ్మం వైపు చూపిస్తారు, పాలు అక్కడ దింపమని. అది తట్టుకోలేక ఆయన మీద కథలు అల్లుతున్నావు. కథలు అల్లడం కూడా రాదు నీకు. పళ్ళు పీకడానికి మోకాలెందుకు అట! ఏ మనిషి అంటాడు ఆ మాట?

కోచ్ కూచోబెట్టి మళ్ళీ ఎక్కిస్తాడా? ఇక్కడ ఒకసారి కూచున్నదాన్ని మళ్ళీ ఎక్కించడం నేను చూడలేదు.

ఆదివారం ఆఖరి పరీక్ష. కొండదారి. అది అయిపోతే చోటు నాది. నువ్వు కోచ్ కి ఒక్క అక్షరం రాశావంటే నాకు తాత లేడు. చచ్చాడనుకుంటా. చచ్చినవాళ్ళ కోసం ఏడుస్తారు, నేను అదీ చెయ్యను.

మిడత


జులై 9

నిన్ను ఏమని పిలవాలో తెలీక పైన ఏమీ రాయలేదు.

రాయొద్దన్నానని రాయలేదు. మనిషివే వచ్చావు. మాట దాటకుండా మాట తప్పడం అంటే ఏమిటో నీ దగ్గర నేర్చుకోవాలి.

అందరం గీత దగ్గర సైకిళ్ళెక్కి నుంచున్నాం. కోచ్ విజిలు నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు నువ్వు, ఆ పాలచొక్కాతో, చెప్పులు చేత్తో పట్టుకుని, తాడు కింద దూరి వచ్చావు. "ఎవరీయన?" అన్నాడు కోచ్. అందరి ముందూ ఆ మాట అన్నావు.

కోచ్ నన్ను దిగమన్నాడు. ఒంటికాలి మీద గుంజీ తియ్యమన్నాడు. ఎడమకాలి మీద తీశా. కుడికాలి మీద సగం దాకా వెళ్ళి పడ్డా. నవ్వారు. నాకు తెలిసిన నవ్వే. నేను నేర్పిన నవ్వే.

కోచ్ నవ్వలేదు. "కాలు చెడితే బాగుచేసుకునే చోటు నా దగ్గరుంది. అంకె దొంగలకి చోటు లేదు," అన్నాడు. అంటే ముందే నేనై నేను చెప్పుంటే ఉంచేవాడే. ఆ సంగతి కూడా నీవల్లే తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

బక్కది ఆ రోజు కొండెక్కింది. చోటు దానిదే.

గేటు బయట డాక్టరు తాతయ్య కారు ఉంది. పరీక్ష చూడ్డానికి వచ్చాడేమో అనుకున్నా. ఆయన దిగి, తిన్నగా నీ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నీ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "శభాష్ బావగారూ, నేను నెల పడుతుందనుకున్నాను, మీరు ఒక్క మాటతో తేల్చేశారు," అన్నాడు. నువ్వు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నేను కారెక్కుతూ విన్నా, ఎక్కాక అద్దంలోంచి చూశా.

ఇప్పుడు నాకు అంతా అర్థమయింది. ఆయన గురించి నువ్వు రాసింది నిజమే. కానీ సగమే రాశావు. రెండో సగం నువ్వు. ఇద్దరూ కూడబలుక్కున్నారు. రెండిళ్ళ మాట గదా, ఒకరు మాటాడితే ఇంకొకరు ఊ కొట్టాలి.

ఇప్పుడు ఈయన క్లినిక్కులో ఉన్నా. కుర్చీ పక్కన నుంచుని పళ్ళెం పట్టుకుంటా. పీకిన పళ్ళు అందులో టంగుమని పడతాయి. అమ్మ ఏడ్చి ఊరుకుంది. నాన్న వాళ్ళ నాన్న మాట దాటడు. మోకాలు చూసిన ఎముకల డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పను. మంచి మాటే అన్నాడనుకుని సంతోషపడే హక్కు నీకు లేదు. చెడ్డ మాటే అన్నాడనుకుని ఏడ్చే హక్కూ లేదు.

ఒక్కటే అడుగుతున్నా. మంచం మీద క్రాంకులు పెట్టుకున్న రోజే అనుకున్నారా, ఆ తరవాతా? 


జులై 15

చిరంజీవి మిడతకు తాత రాయునది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ రోజూ అనుకోలేదు, ఆ తరవాతా అనుకోలేదు. నువ్వు నమ్మవు. అయినా అడిగావు గనక చెప్పాను.

చెయ్యి ఆయన పట్టుకున్నారు. నేను లాక్కోలేదు. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుంటే లాక్కోవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆయన అన్న మాట కూడా అప్పుడు వినపడలేదు, నీ ఉత్తరంలో చదివాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, నేను నిన్ను చూస్తున్నాను. కారెక్కేటప్పుడు నువ్వు కుడికాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నావు. అది చూస్తున్నాను.

నీ ఉత్తరంలో బిళ్ళల సంగతి చదివి వచ్చాను. నొప్పి ఉన్నంతసేపు మనిషి ఎక్కడో ఒకచోట ఆగుతాడు. నొప్పి కూడా లేకపోతే ఎవరు ఆపుతారు? బస్సులో దారంతా ఒకటే మాట అనుకుంటూ వచ్చాను. "అయ్యా, మా మనవరాలి కుడి మోకాలు ఒకసారి చూడండి." పక్కనాయన నాకు మతి లేదనుకుని వేరే సీటుకి మారాడు. అంతమంది ముందు నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. మీ అమ్మ పెళ్ళిలో కూడా మాట్లాడింది డాక్టరుగారే.

నువ్వు ఒక సంగతి రాయలేదు. పడ్డప్పుడు నేను వచ్చి చెయ్యి చాపాను. నువ్వు బక్కపిల్ల చెయ్యి పట్టుకుని లేచావు. ఆ పిల్ల ముందు నవ్వింది, తరవాత చెయ్యి ఇచ్చింది. నా చెయ్యి అలాగే ఉంది. ఎవరో వచ్చి, "తాతా, పక్కకి రా, సైకిళ్ళొస్తాయి," అన్నారు.

డాక్టరుగారు కోరుకున్నదే అయింది. నేను మాట్లాడకపోయినా ఆయనదే గెలుపు, మాట్లాడినా ఆయనదే. నీ జట్టు ఎలాగూ పోయింది. తేడా అల్లా నీ మోకాలే. ఆ ఒక్క తేడా కోసమే వచ్చాను. క్షమించమని రాయను. మళ్ళీ ఆ గీత దగ్గర నుంచోబెడితే మళ్ళీ ఆ మాటే అంటాను. నువ్వు తాత లేడనుకోవచ్చు. రెండు కాళ్ళ మీద నడుస్తూ అనుకో.

ఈ ఉత్తరం నీకంటే ముందు డాక్టరుగారు చదువుతారేమో. బావగారూ, చదివితే చదవండి, తరవాత పిల్లకి ఇవ్వండి. మిమ్మల్ని ఇంకేమీ అడగను.

మిడతా, పైన ఏమీ రాయకపోయినా సరే. మధ్యలో నన్ను నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. మెట్లు ఎక్కగలుగుతున్నావో లేదో, అదొక్కటి కింద ఎక్కడో ఒక మూల రాసి పంపు. తొందరగా రాయి తల్లీ.

ఇట్లు,
పాలాయన